తన కొలత

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఉప్పల్, నాచారము అను రెండు ప్రాంతములు కలవు. ఒకప్పుడవి నగరపు పొలిమేరకు ఆవల నున్న పల్లెలు. పొలములు, చెరువులు, తాటిచెట్లు వాని సంపద. నగరము పెరిగిన కొలది ఆ పొలములలో కర్మాగారములు వెలసినవి. విశాలమైన రహదారులు పడినవి. నేడు ఉప్పల్ మీదుగా మెట్రో రైలు పరుగిడుచున్నది.

మనుష్యుని విజయమును లోకము ఎన్ని విధముల కొలుచునో ఈ రెండు ప్రాంతములలో తిరిగి చూచినచో తెలియును. ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ పేరిట గొప్ప క్రికెట్ క్రీడాంగణము కలదు. 2005వ సంవత్సరము నుండి అచట దేశదేశముల జట్లు ఆడుచున్నవి. అచట గెలుపోటములు పరుగుల పట్టికపై క్షణక్షణము కానవచ్చును. నాచారమున సుప్రసిద్ధ నటుడు నందమూరి తారక రామారావు చలనచిత్ర నిర్మాణశాలను నెలకొల్పెను. ఆ రంగమున విజయమును నిర్ణయించునవి జనుల చప్పట్లు. ఆ సమీపముననే పారిశ్రామికవాడ కలదు. అచట దినమునకు ఎంత సరకు తయారైనదో, దానివలన ఎంత ఆదాయము వచ్చినదో అదియే లెక్క. ఇక ఆ వీథులలోని పాఠశాలలలో మార్కులు, తరగతిలో వచ్చిన స్థానము విద్యార్థికి కొలతలు.

ఈ కొలతలలో ఏదియు తప్పు కాదు. ఆట ఆడువాడు పరుగులు లెక్కింపవలసినదే. కర్మాగారము నడుపువాడు ఆదాయవ్యయములు చూచుకొనవలసినదే. కాని ఒక పనికి తగిన కొలత మరియొక పనికి తగకపోవచ్చును. బియ్యమును సోలతో కొలుతురు. బట్టను గజముతో కొలుతురు. బంగారమును త్రాసులో తూతురు. గజముతో బియ్యమును కొలువబూనినవాడు నవ్వులపాలగును. ఇంత తెలిసియు మనుష్యుడు తన జీవితమును మాత్రము ప్రక్కవాని గజముతో కొలుచుకొని, చాలలేదని దుఃఖించుచుండును.

తన పని ఏదో, దానికి తగిన కొలత ఏదో తాను తెలిసికొని, కడవరకు ఆ కొలతకే కట్టుబడిన ఒక శాస్త్రజ్ఞుని చరిత్ర ఈ ఉప్పల్, నాచారములతో ముడివడి యున్నది. ఆయన పేరు లాల్జీ సింగ్.

లాల్జీ సింగ్ ఈ ప్రాంతమున పుట్టినవాడు కాడు. ఆయన 1947వ సంవత్సరము జూలై 5వ తేదీన ఉత్తర ప్రదేశములోని జౌన్‌పూర్ జిల్లాలో కల్వారి అను పల్లెలో జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. ఆ ఊరి పాఠశాలలో ఎనిమిదవ తరగతి వరకు మాత్రమే చదువు చెప్పెడివారు. పై చదువునకు ఆరేడు కిలోమీటర్ల దూరమున నున్న ప్రతాప్‌గంజ్ అను ఊరికి పోవలసి వచ్చెను. నేడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలబాలికలు ఈ సంగతి గమనింపదగును. ఆ వయస్సున ఆ పల్లె బాలుని ముందు రెండు త్రోవలు ఉండెను: ఒకటి ఇంటి పొలమునకు, ఇంకొకటి దూరపు బడికి. ఆయన బడి త్రోవను పట్టెను.

పిమ్మట ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చేరి, 1964లో బి.ఎస్‌సి., 1966లో జంతుశాస్త్రమున ఎం.ఎస్‌సి. పూర్తిచేసెను. ఎం.ఎస్‌సి.లో అందరికంటె మిన్నగా ఉత్తీర్ణుడై స్వర్ణపతకము బడసెను. మార్కులనెడి కొలతతో చూచినచో ఇదియే గొప్ప విజయము. అచటితో తృప్తిచెంది ఒక మంచి ఉద్యోగము చూచుకొని స్థిరపడిన యెడల లోకము మెచ్చుకొనియే యుండును. కాని ఆయన ఆచార్య రాయ్‌చౌధురి పర్యవేక్షణమున పరిశోధనకు పూనుకొనెను. ఆ పరిశోధన విషయము పాములు.

పాము అనగానే జనులకు భయము, కాదేని భక్తి. దానిని కొట్టువారు కొందరు, పుట్టలో పాలు పోయువారు కొందరు. దాని శరీరకణములను సూక్ష్మదర్శినిలో చూచి, అందలి క్రోమోసోములను లెక్కపెట్టుటయే జీవితకార్యముగా పెట్టుకొనువారు అరుదు. ఆ పని వలన ధనము రాదు. వీథిలో నలుగురు గుర్తుపట్టరు. దాని ప్రయోజన మేమని చుట్టము లడిగినచో వెంటనే చూపదగిన ఫలము లేదు. ఆ విద్య విలువ తెలియవలెనన్నచో దానిని కొంత తెలిసికొనవలెను.

ప్రాణుల శరీరము లెక్కలేనన్ని కణములతో నిర్మితమైనది. దాదాపు ప్రతి కణము నడుమను ఉండు కేంద్రకమున దారపు పోగుల వంటి క్రోమోసోములు కలవు. ఆ పోగులలోని ముఖ్య పదార్థమే డి.ఎన్‌.ఏ. తల్లిదండ్రుల లక్షణములు సంతతికి సంక్రమించుట దాని వలననే. శిశువు ఆడుదియో మగదియో నిర్ణయించునవి కూడ ఒక జత క్రోమోసోములే. అయితే ఆ జతలోని రెండును పురుషులలో ఒకే పరిమాణమున ఉండవు. ఇవి మొదటి నుండియు ఇట్లే యుండెనా, లేక ఒకనాడు సమానముగా నుండి కాలక్రమమున మారినవా? దీనికి సమాధానము పాములలో దొరకును. కొండచిలువ జాతిలో ఆ జత రెండును సమానముగా కానవచ్చును. మరికొన్ని జాతులలో అవి కొంత భేదము చూపును. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మొదలగు విషసర్పములలో ఆ భేదము స్పష్టమై యుండును. కోట్ల సంవత్సరముల మార్పు అంతయు మెట్లు మెట్లుగా పాముల యందు నిలిచి యున్నది. జనులు భయముతో తప్పుకొని పోయిన ప్రాణిలో ఆ యువకుడు సృష్టి యొక్క ఒక పాతపుస్తకమును చదువుచుండెను. ఆ కృషికి 1971లో ఆయనకు డాక్టరు పట్టము లభించెను.

కొంతకాలము కలకత్తా విశ్వవిద్యాలయమున పనిచేసి, 1974లో ఆయన స్కాట్లండు దేశములోని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పోయెను. అచట పదమూడు సంవత్సరములు గడిపెను. దేశము మారినను ఆయన విషయము మారలేదు. ఈసారి ఆయన ఎన్నుకొనినది పసుపు, నలుపు పట్టెలతో నుండు ఒక జాతి కట్లపాము. ఈ పాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బంగారస్. అది లాటిను రూపము ధరించిన తెలుగు మాట! పద్దెనిమిదవ శతాబ్దమున ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణము మొదలగు తీరప్రాంతములందు పాములను పరిశీలించి, తెలుగువారు వానిని పిలుచు పేర్లతోనే తన గ్రంథమున వర్ణించెను. పసుపు పట్టెల ఈ పామును మనవారు బంగారు పామనిరి. ఆ బంగారమే శాస్త్రములోనికి ఎక్కినది.

ఆ కట్లపాము డి.ఎన్‌.ఏ.లో లాల్జీ సింగ్ తన సహచరులతో కలిసి ఒక చిన్న భాగమును వేరుచేసెను. దానికి వారు బి.కె.ఎం. అని పేరిడిరి. డి.ఎన్‌.ఏ. అను భాషకు నాలుగే అక్షరములు. ఆ చిన్న భాగమున నాలుగక్షరముల మాట ఒకటి, జపమాలలో నామము వలె, మరల మరల వచ్చుచుండెను. వింత యేమనగా, పాములో కనబడిన ఆ జపము పక్షులలోను, ఎలుకలలోను, మనుష్యులలోను కూడ కానవచ్చెను. 1980 మొదలుకొని వారు ఈ విషయమును శాస్త్రపత్రికలలో ప్రకటించిరి.

ఇంతలో శాస్త్రలోకమున ఒక గొప్ప సంఘటన జరిగెను. 1984 సెప్టెంబరులో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల డి.ఎన్‌.ఏ.లో మరల మరల వచ్చు కొన్ని భాగములను పరీక్షించుచుండెను. ఆ భాగములు ఎన్నిమారులు వచ్చునో ఆ సంఖ్య మనిషికిని మనిషికిని భేదించుచుండెను. కవలలుగా పుట్టి అచ్చముగా ఒకే రూపున నుండువారిని మినహాయించినచో, ఏ ఇరువురికిని ఆ గుర్తులు ఒక్కటి కావని ఆయన గ్రహించెను. వ్రేలిముద్ర వలె అది ప్రతి మనుష్యునికి ప్రత్యేకమైన ముద్ర. బిడ్డ ముద్రలో సగము తల్లి నుండియు సగము తండ్రి నుండియు వచ్చును. కావున ఎవరు ఎవరి సంతానమో, నేరస్థలమున దొరికిన రక్తపుచుక్క ఎవరిదో దాని వలన చెప్పవచ్చును. 1985లో ఈ విషయము ప్రకటితమైనంతనే జెఫ్రీస్ పేరు లోకమంతట మారుమ్రోగెను.

లోకము వాడుకొను కొలత ఇచట ఏమి చెప్పును? మొదట గమ్యము చేరినవానికే పతకము. డి.ఎన్‌.ఏ. వ్రేలిముద్రను కనిపెట్టిన కీర్తి జెఫ్రీస్‌ది. అది న్యాయముగా ఆయనదే. లాల్జీ సింగ్ చేతిలో నున్న కట్లపాము డి.ఎన్‌.ఏ. కూడ మరల మరల వచ్చు జాతిదే. దానితోను అట్టి ముద్రను చూపవచ్చును. కాని ఆ పేరు ముందుగా వచ్చినది వేరొకరికి. ఇట్టి సమయమున మనుష్యుడు పట్టదగిన త్రోవలు మూడు. తన కీర్తిని ఇతరుడు అపహరించెనని వాపోవుట ఒకటి. పందెము ముగిసినదని పనిని విడిచిపెట్టుట రెండవది. తన పని ఎవరికి అవసరమో విచారించి, అచటికి దానిని తీసికొనిపోవుట మూడవది.

లాల్జీ సింగ్ మూడవ త్రోవను పట్టెను. 1987లో ఆయన స్వదేశమునకు తిరిగి వచ్చెను. పదమూడేండ్లు ఒక దేశమున పనిచేసినవానికి అచటనే నిలిచిపోవుట కష్టమైన పని కాదు. కాని పాశ్చాత్య దేశములలో ఆ విద్య అప్పటికే వేరూనినది. భారతదేశపు న్యాయస్థానములలో అది ఇంకను అడుగు పెట్టలేదు. జెఫ్రీస్ విధానము పేటెంటు హక్కులకు లోబడి, ఒక వ్యాపారసంస్థ చేతిలో నుండెను. కావున స్వదేశములో తయారైన సాధనము ఒకటి ఉండుట మిక్కిలి అవసరమై యుండెను.

ఆయనను హైదరాబాదునకు ఆహ్వానించినది పుష్ప మిత్ర భార్గవ. ఆ శాస్త్రజ్ఞుడు 1977లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును స్థాపించెను. జనులు దానిని సి.సి.ఎం.బి. అని వ్యవహరింతురు. హబ్సిగూడ నుండి ఉప్పల్ పోవు రహదారిపై, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు పొరుగున దాని భవనములు వెలసినవి. లాల్జీ సింగ్ వచ్చిన ఆ 1987వ సంవత్సరముననే, నవంబరు 26వ తేదీన, నాటి ప్రధాని రాజీవ్ గాంధీ ఆ భవనములను జాతికి అంకితము చేసెను. భార్గవ ఏ విషయముననైనను తనకు సత్యమని తోచినదానిని నిర్భయముగా పలుకువాడు. తన యిష్టమైన విషయమును వీడని పరిశోధకునికి తగిన చోటు దొరకినది.

1988 నాటికి లాల్జీ సింగ్, ఆయన సహచరులు బి.కె.ఎం. నుండి తయారుచేసిన సాధనముతో మనుష్యుల డి.ఎన్‌.ఏ. వ్రేలిముద్రలు తీయగలిగిరి. ఆ నాటి పద్ధతి ఇట్లుండెను. మొదట రక్తము మొదలగు వాని నుండి డి.ఎన్‌.ఏ.ను వేరుచేయుదురు. తరువాత దానిని కత్తెరల వలె పనిచేయు కొన్ని ఎంజైములతో తుంచుదురు. ఆ తునకలను జిగురు వంటి పలకపై నుంచి విద్యుత్తు ప్రసరింపజేసినచో చిన్నవి వేగముగా, పెద్దవి మెల్లగా కదలి, పొడవు ననుసరించి బారులు తీరును. వానిని ఒక పొరపైకి ఎత్తి, కిరణములు వెలువరించు బి.కె.ఎం. తునకను దానిపై చేర్తురు. అది తన జపమున్న చోట్ల మాత్రమే అతుకుకొనును. పిదప ఎక్స్‌రే ఫిల్మును దానిపై నుంచినచో నల్లని గీతలు వరుసగా ఏర్పడును. ఆ గీతల వరుసయే మనుష్యుని ముద్ర. ఇన్ని మెట్లలో ఏ ఒక్క మెట్టు జారినను ఫలము దక్కదు. ఓర్పు లేనివానికి ఈ పని అలవడదు.

కాని ప్రయోగశాలలో ఫలించిన మాత్రమున సరిపోదు. న్యాయస్థానము దానిని నమ్మవలెను. ఆ పరీక్ష త్వరలోనే వచ్చెను. కేరళ రాష్ట్రములోని తలశ్శేరిలో ఒక తల్లి తన బిడ్డ పోషణకై న్యాయస్థానమును ఆశ్రయించెను. ఆ బిడ్డకు తండ్రియని ఆమె చెప్పిన పురుషుడు ఆ మాటను కాదనెను. సాక్షులు లేరు. ఆమె మాట ఒక వైపు, అతని మాట ఒక వైపు. ముగ్గురి రక్తమును హైదరాబాదున పరీక్షించిరి. బిడ్డ ముద్రలో తల్లివి కాని గీతలు ఆ పురుషుని ముద్రలో కానవచ్చెను. లాల్జీ సింగ్ న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. న్యాయాధికారి ఆ సాక్ష్యమును అంగీకరించెను. కేరళ ఉన్నత న్యాయస్థానము కూడ ఆ నిర్ణయమును సమర్థించెను. డి.ఎన్‌.ఏ. సాక్ష్యమును ఆధారముగా చేసికొని మన న్యాయస్థానములు బిడ్డ తండ్రిని నిర్ణయించుట అదియే మొదలు.

ఇచట ఒక క్షణము ఆగి ఆలోచింపవలెను. ఆ తల్లికి కావలసినది ప్రపంచమున ఈ విద్యను మొదట కనిపెట్టినవాని పేరు కాదు. తన మాట నిజమని నిరూపించు సాధనము ఈ దేశమున, తనకు అందుబాటులో, ఉన్నదా లేదా అనునదియే ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నకు ఉన్నదని చెప్పగలిగినవాడు లాల్జీ సింగ్. పందెపు కొలతతో చూచినచో ఆయన రెండవవాడు. ఆ తల్లి కొలతతో చూచినచో ఆయనయే మొదటివాడు. ఆయన ఏ కొలతను ఎన్నుకొనెనో ఆయన పనియే చెప్పుచున్నది.

తరువాతి సంవత్సరములలో ఈ విద్యకు గడ్డు పరీక్షలు అనేకములు ఎదురయ్యెను. 1991 మే 21వ తేదీన తమిళనాడులోని శ్రీపెరంబుదూరున రాజీవ్ గాంధీ హత్యకు గురియయ్యెను. సి.సి.ఎం.బి. భవనములను అంకితము చేసిన ఆ నాయకుని హత్యకేసులో, బాంబు ధరించి వచ్చిన స్త్రీ అవశేషములను గుర్తించుటకు ఆ భవనములలో పెరిగిన విద్యయే తోడ్పడెను. దోషిని పట్టియిచ్చిన విద్యయే నిర్దోషిని విడిపింపగలదు. దానికి ధనికుడు, దరిద్రుడు అను భేదము లేదు. భయపడి మాట మార్చుట లేదు.

దేశమంతట నుండి పరీక్షలకై నమూనాలు రాసాగెను. ఈ పనికి ప్రత్యేకమైన సంస్థ అవసరమని తలచి కేంద్రప్రభుత్వపు బయోటెక్నాలజీ శాఖ 1995లో డి.ఎన్‌.ఏ. వ్రేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రమును ఏర్పరచెను. దానినే సి.డి.ఎఫ్‌.డి. అందురు. దానికి పునాది వేసి నడిపించిన బాధ్యత లాల్జీ సింగ్‌ది. సి.సి.ఎం.బి. ప్రాంగణమున మొదలైన ఆ కేంద్రము పెక్కేండ్లు నాచారమున, ఇ.సి.ఐ.ఎల్. పోవు రహదారిపై పనిచేసెను. పిమ్మట నగరమున ఒకటి రెండు చోట్లకు మారి, నేడు ఉప్పల్‌లో స్వంత భవనమున నున్నది. కర్మాగారముల పొగ, లారీల రాకపోకలు గల ఆ నాచారపు వీథిలో ఒకప్పుడు దేశపు న్యాయస్థానముల సందేహములు తీరుచుండెనని ఆ దారిన పోవువారిలో ఎందరికి తెలియును? తెలియకపోయినను ఆ పని ఆగలేదు.

1998 నుండి 2009 వరకు లాల్జీ సింగ్ సి.సి.ఎం.బి. సంచాలకుడుగా నుండెను. ఆ కాలమున హైదరాబాదులోని అత్తాపురమున, అంతరించిపోవుచున్న వన్యప్రాణుల రక్షణకై ఒక ప్రయోగశాల ఏర్పడెను. వేటగాండ్ర యొద్ద దొరికిన మాంసపు ముక్క ఏ జంతువుదో డి.ఎన్‌.ఏ. ద్వారా కనుగొను విధానమును కూడ ఆయన, ఆయన శిష్యులు రూపొందించిరి. నోరులేని జింకకును ఇట్లు సాక్ష్యము దొరకెను. 2009లో ఆయన, కుమారస్వామి తంగరాజ్ మొదలగువారు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి మన దేశమున 25 సముదాయములకు చెందిన 132 మంది డి.ఎన్‌.ఏ.ను పరిశీలించి ఫలితములను ప్రకటించిరి. భారతీయులలో దాదాపు అన్ని సముదాయములును రెండు ప్రాచీన జనసమూహముల కలయిక వలన ఏర్పడినవని అందు తేలెను. ఎవరి వేళ్లు ఎచటి వరకు పోయినను లోతున అవి కలిసియే యున్నవి.

2004లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. ఆ సంవత్సరముననే జీనోమ్ ఫౌండేషన్ అను సంస్థను ఆయన నెలకొల్పెను. జన్యుసంబంధమైన వ్యాధులను గుర్తించు సౌకర్యము పల్లెవాసులకు అందవలెనని దాని ఆశయము. ఆ ప్రయత్నమున ఆయన తన కల్వారి గ్రామమును మరువలేదు. 2011లో తాను చదువుకొనిన కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, మూడేండ్లు ఆ పదవిని నిర్వహించెను. ఆ పదవికి ఆయన పుచ్చుకొనిన జీతము ఒక్క రూపాయి. జీతమే విజయమునకు కొలతయైనచో ఆ విశ్వవిద్యాలయమున ఆయనకంటె అల్పుడు లేడు! పల్లె నుండి వచ్చిన తనకు విద్య చెప్పిన స్థలమునకు ఋణము తీర్చుకొనుటయే కొలతయైనచో ఆ ఒక్క రూపాయి పెద్ద మొత్తమే.

2017వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన భార్గవ హైదరాబాదున కన్నుమూసెను. ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన లాల్జీ సింగ్ వారణాసిలో గుండెపోటుతో మరణించెను. ఆయన వయస్సు డెబ్బది సంవత్సరములు.

ఈ చరిత్ర నుండి గ్రహింపవలసినది ఏమి? తన త్రోవను తాను ఎన్నుకొనుట యనగా ఇతరుల మాట వినకుండుట యని కొందరు భ్రమపడుదురు. లాల్జీ సింగ్ ఆచార్యుల వద్ద నేర్చుకొనెను. సహచరులతో కలిసి పనిచేసెను. భార్గవ పిలుపును మన్నించెను. జెఫ్రీస్ చూపిన మార్గము గొప్పదని గుర్తించి దానిని అనుసరించెను. ఇతరుల వెలుగును స్వీకరించుట వేరు, ఇతరుల నీడయై బ్రదుకుట వేరు. నూనె ఎవరు పోసినను దీపము తన వత్తితోనే వెలుగవలెను.

తన కొలతను తాను ఏర్పరచుకొనుట యనగా సులభమైన కొలతను ఏర్పరచుకొనుట యనియు కొందరు తలంతురు. మార్కులు తక్కువ వచ్చిన బాలుడు మార్కులతో పనిలేదని పలికి ఊరకుండినచో అది స్వతంత్రత కాదు. సోమరితనమునకు తొడిగిన అందమైన చొక్కా. లాల్జీ సింగ్ ఎన్నుకొనిన కొలత పతకముల కొలతకంటె కఠినమైనది. పతకము ఒకనాటితో ముగియును. న్యాయస్థానమున ప్రతి కేసు ఒక క్రొత్త పరీక్ష. ఎదుటి పక్షపు న్యాయవాది అడిగిన ప్రతి ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. ఒక్కమారు పొరపాటు జరిగినను ఒక నిర్దోషి చెరసాల పాలగును. అట్టి కొలతకు నిలిచినవాడు కావుననే ఆయన విజయము ఇతరుల మెప్పుపై ఆధారపడలేదు.

అందరును శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. నాచారపు కర్మాగారమున లేతు యంత్రముపై పనిచేయు కార్మికుడు తాను చెక్కిన ఇరుసు వెంట్రుకవాసి తేడా లేకుండ అమరవలెనని కోరినచో అది ఆయన కొలత. ఉప్పల్‌లో ఉపాధ్యాయురాలు తరగతిలో చివరి వరుసనున్న పిల్లకు లెక్క తెలియువరకు ఇంటికి పోనని పట్టుబట్టినచో అది ఆమె కొలత. క్రీడాంగణమున ఆడదలచిన బాలునికి పరుగులే కొలతలైనను, నిన్నటి తన ఆటకంటె నేటి ఆట మెరుగా యని అతడు తన్ను తాను ప్రశ్నించుకొనవచ్చును. పని ఏదియైనను ప్రశ్నలు మాత్రము మూడే: ఇది నాకు నిజముగా ఇష్టమైన పనియేనా? దీని వలన ఎవరికి మేలు? దీనిని నేను ఎంత బాగుగా చేయగలను?

మెట్రో రైలు ఉప్పల్ దాటి క్రీడాంగణము మీదుగా, పరిశోధనశాలల మీదుగా హబ్సిగూడకు పోవుచుండును. క్రీడాంగణమున పోటీ జరుగు రాత్రి దీపములు మిన్నంటి వెలుగును. వేలకొలది జనుల కేకలు వీథుల వరకు వినవచ్చును. ఆ వేళ కొంత దూరమున ఒక కిటికీలో చిన్న దీపము వెలుగుచుండవచ్చును. అచట ఎవరో ఒకరు ఆ ముద్రలను ఓర్పుతో పోల్చి చూచుచుందురు. ఆ ముద్రలకు చప్పట్లు లేవు. కాని ఎచటనో ఒక ఊరిలో, న్యాయము కొరకు ఎదురుచూచు ఒకరికి అవియే సమాధానము. ఏ దీపము క్రింద నిలువవలెనో ఎవరికి వారు నిర్ణయించుకొనవలెను. నిలిచిన పిమ్మట, ప్రక్క దీపపు వెలుగును చూచి తన దానిని ఆర్పుకొనరాదు.

ప్రశ్నలు

1. ఉప్పల్, నాచారములలో విజయమును కొలుచు కొలతలు ఏవేవి కానవచ్చుచున్నవి? వానిలో మీకు తెలిసిన మరికొన్నింటిని చేర్చుడు.
2. లాల్జీ సింగ్ పాములను పరిశోధన విషయముగా గ్రహించుటలోని విశేష మేమి?
3. “బంగారస్” అను పేరు ఎట్లు వచ్చినది?
4. జెఫ్రీస్ కీర్తి గడించిన పిమ్మట లాల్జీ సింగ్ పట్టిన త్రోవ ఎట్టిది? అది సరియైనదని మీరు తలంతురా? కారణములు వ్రాయుడు.
5. తలశ్శేరి కేసులో డి.ఎన్‌.ఏ. సాక్ష్యము ఎట్లు ఉపకరించెను?
6. “తన కొలత” యనగా సులభమైన కొలత కాదని ఈ పాఠము ఎట్లు నిరూపించుచున్నది?
7. మీ వీథిలో తన పనిని తన కొలతతో చక్కగా చేయుచున్న ఒకరిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.